ముగ్గురికీ కలిపి ఒకే డ్రాఫ్టరు

"ఎవరితోనూ ఎక్కువ పెట్టుకోబాకు. నీ చదువేందో నువ్వేందో."

2005లో నన్ను ఒంగోలులో దింపి, అద్దంకి బస్టాండు దగ్గర తిరుగు బస్సెక్కుతూ మా నాయన చెప్పిన ఆఖరి మాట అది. నా చేతిలో రేకు పెట్టె, కాళ్ళ దగ్గర బియ్యం మూట. సరే నాయనా అని తలూపాను.

మొన్నామధ్య మా అక్క తన కొడుక్కి దాదాపు అదే మాట చెప్పింది. వాడు ఈ ఏడు పాలిసెట్ రాసి ఎలక్ట్రికల్‌లో సీటు తెచ్చుకున్నాడు. "మామా, నువ్వు చెప్పు, ఫ్రెండ్స్ ఉండాలా వద్దా?" అని ఫోన్లో అడిగాడు. స్పీకర్లో అక్క వింటోంది. ఏదో గొణిగి పెట్టేశాను. అప్పుడు మింగేసింది ఇక్కడ రాస్తున్నాను.

మా రోజుల్లో పాలిసెట్‌ని సీప్ అనేవాళ్ళు. పదో తరగతి అయ్యాక అది రాస్తే మూడేళ్ళ డిప్లొమా. మా ఊరి హైస్కూల్లో, తెలుగు మీడియంలో, నాకు 600కి 521 వచ్చాయి. స్కూలు ఫస్టు. హెడ్మాస్టరుగారు ప్రేయర్లో నిలబెట్టి చప్పట్లు కొట్టించారు. ఆ చప్పట్లు చెవుల్లో ఉండగానే ఒంగోలొచ్చాను.

గది లాయర్‌పేటలో, ఒక పెంకుటింటి వెనక. అద్దె నెలకు 600, మనిషికి 200. నేను వెళ్ళేసరికే ఇద్దరున్నారు. ఒకడిది పొదిలి, ఇంకొకడిది గిద్దలూరు. మొదటి వారం పేర్లు గుర్తుండక ఊళ్ళతో పిలుచుకున్నాం. తర్వాత పేర్లు గుర్తున్నా ఊళ్ళే ఉండిపోయాయి. నేను 'అద్దంకి'. నిజానికి మాది అద్దంకి కాదు, అక్కణ్ణుంచి ఇంకా లోపలికి పోవాలి. ఆ పల్లె పేరు చెప్తే ఎవరికీ తెలియదు. ఇప్పటికీ నా ఫోన్లో వాళ్ళిద్దరూ ఊరి పేర్లతోనే ఉంటారు. నాది కరెంటాఫీసు ఉద్యోగం కదా, పెళ్ళయిన కొత్తలో మా ఆవిడ అవి సబ్‌స్టేషన్ నంబర్లనుకుంది.

మా ముగ్గురిదీ ఎలక్ట్రికల్. అయినా మొదటి సంవత్సరంలో ఏ బ్రాంచి వాడికైనా ఇంజనీరింగ్ డ్రాయింగు తప్పదు. దానికి డ్రాఫ్టరు కావాలి. బోర్డుకి ఎడమ పక్క పైన క్లాంపుతో బిగిస్తే రెండు స్కేళ్ళు ఎటు జరిపినా సమాంతరంగా జరుగుతుంటాయి. కొత్తది కొనే స్తోమత మాలో ఎవరికీ లేదు. ఒక సీనియర్ దగ్గర 150కి పాతది దొరికింది, మనిషికి యాభై. క్లాసులో సివిల్ వాళ్ళనో మెకానికల్ వాళ్ళనో బతిమాలుకునేవాళ్ళం. గదిలో మాత్రం మా మూడు షీట్లకీ అదొక్కటే.

ఒక టైమ్‌టేబుల్ వేసుకున్నాం. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా గిద్దలూరు. తర్వాత పదకొండు దాకా నేను. మిగిలింది తెల్లవారుజాము నాలుగు. అది ఎవరూ కోరుకోరు కదా. "నాకు అలవాటేలే" అని పొదిలి తీసుకున్నాడు.

ఒకరోజు నాలుగున్నరకి దాహమేసి మెలకువొచ్చింది. గదిలో ఉన్నది ఒకే బల్బు. పొదిలి దాని చుట్టూ పాత పేపరు గొట్టంలా చుట్టి, దారంతో కట్టాడు. వెలుతురంతా బోర్డు మీదే పడుతోంది, మా మొహాల మీద చుక్క కూడా పడటం లేదు. స్కేలు చప్పుడు చెయ్యకుండా, ఎత్తి పెట్టి, ఎత్తి పెట్టి గీస్తున్నాడు. నేను లేచింది వాడు చూడలేదు. నీళ్ళు తాగకుండానే మళ్ళీ పడుకున్నాను. నిద్ర మాత్రం పట్టలేదు.

దాంతో నేను మారిపోయానని రాస్తే చదవడానికి బాగుంటుంది. మారలేదు. మారకపోగా వాడి షీట్ల మీద జీటీ కొట్టడం మొదలుపెట్టాను. జీటీ అంటే గ్లాస్ ట్రేసింగ్. రెండు ఇటుకల మీద గాజు పలక పెట్టి, కింద బల్బు వెలిగించి, అవతలివాడి షీటు మీద మన షీటు పరిచి గీతల మీద గీతలు గీసేయడం. రెండున్నర గంటల పని ముప్పావుగంటలో అయిపోతుంది. మిగతా టైములో గ్రౌండులో క్రికెట్టు. పొదిలికి తెలుసు, ఏమీ అనలేదు.

ఇంగ్లిషు మీడియం గొడవ వేరే. మొదటి నెలలో ఒక లెక్చరరు నన్ను లేపి రెసిస్టెన్స్ అంటే ఏంటని అడిగారు. నాకు నిరోధం తెలుసు. ఓమ్ నియమం తెలుసు, దాని మీద లెక్కలు చేసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. కానీ ఆయన నోట్లోంచి వచ్చిన ఆ మాటా, నా బుర్రలో ఉన్న ఈ మాటా ఒకటేనని ఆ నిమిషానికి తట్టలేదు. నిలబడిపోయాను. వెనక బెంచీలోంచి నవ్వులు. 521 మార్కులు చెమటలో కారిపోయాయి.

గిద్దలూరుకి పదిలో మూడొందల ఎనభై ఎంతో. మా నాయన లెక్కలో నేను దూరంగా ఉండాల్సిన రకం. కానీ వాడు ఏడో తరగతి దాకా కాన్వెంటులో చదివాడు. ఇంట్లో పరిస్థితి తలకిందులై ఎనిమిదికి గవర్నమెంటు స్కూలుకొచ్చాడు. వాడి దగ్గర ఇంగ్లిషు ఉంది, సబ్జెక్టు లేదు. నా దగ్గర సబ్జెక్టు ఉంది, ఇంగ్లిషు లేదు. ఆ సాయంత్రం వాడు ఒక లాంగ్ నోట్‌బుక్ తీసి పేజీ మధ్యలో నిలువుగా గీత కొట్టాడు. "నువ్వు తెలుగు చెప్పు, నేను ఇంగ్లిషు చెప్తా. నీకు మాట, నాకు అర్థం. ఎవడికీ అప్పులేదు."

అలా నిరోధం ఎదురుగా రెసిస్టెన్స్ వచ్చింది. త్వరణానికి యాక్సిలరేషను, ద్రవ్యవేగానికి మొమెంటము, జడత్వానికి ఇనర్షియా. పాక్షిక భిన్నాలు పార్షియల్ ఫ్రాక్షన్స్ అయ్యాయి. రోజుకి పది మాటలు. జడత్వం అంటే ఏంటని వాడడిగితే ఒక వాక్యంలో చెప్పబోయి చెప్పలేకపోయాను. పుస్తకంలో నిర్వచనం అప్పజెప్పాను. "అది కాదురా, అంటే ఏంది?" అన్నాడు. ఆర్టీసీ బస్సు సడన్ బ్రేకు వేస్తే మనం ముందుకి తూలతాం చూడు అనేదాకా వదల్లేదు. అప్పటిదాకా నన్నెవరూ రెండోసారి అడగలేదు. స్కూలు ఫస్టు వాణ్ణి ఎవరడుగుతారు?

ఇక పలక. ఒంగోలు నుంచి గిద్దలూరు పోయే బస్సు పొదిలి, మార్కాపురం, కంభం మీదుగా పోతుంది. మార్కాపురం అంటేనే పలకలు. సంక్రాంతికి ఇంటికెళ్ళి వస్తూ గిద్దలూరు ఒక పెద్ద రాతి పలక తెచ్చాడు. తెల్లకాగితాల ఖర్చు తగ్గుతుందని వాడి ఆలోచన. దాన్ని తలుపు పక్కన గోడకి ఆనించి పెట్టాం. రోజూ ఎవరో ఒకరు దాని మీద ఒక లెక్క రాసి పెట్టాలి. బయట నుంచి వచ్చినవాడు చెప్పులు విడిచేటప్పుడు కళ్ళు దాని మీదే పడతాయి. చేయగలిగినవాడు చేస్తాడు. ఒకటే షరతు, మిగతా ఇద్దరికీ అర్థమయ్యేదాకా తుడవకూడదు.

ఈ షరతు ఎవరు పెట్టారో గుర్తులేదు గానీ అది నా నడ్డి విరిచింది. లెక్క నేనే ముందు చేసేవాణ్ణి. వాళ్ళకి చెప్పబోతే మూడో లైన్లో ఇరుక్కునేవాణ్ణి. "ఇక్కడ గుర్తెందుకు మారింది?" "మారుతుందిరా, అంతే." "అంతే అంటే?" అంతే అంటే నాకూ తెలియదని. నాకు వచ్చుననుకున్న వాటిలో సగం నాకు రావని ఆ పలక ముందే తెలిసింది. ఒక త్రికోణమితి లెక్క తొమ్మిది రోజులు తుడవకుండా ఉండిపోయింది. ఓనరమ్మ అదేదో ముగ్గనుకుని, "ఏం అబ్బాయిలూ, ఇంట్లో ఏమన్నా శాంతి చేయిస్తున్నారా?" అని అడిగింది.

'ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతార'ని సామెత. మేం మూడేళ్ళు చేసినా ఎవరం ఎవరమూ కాలేదు. పొదిలి చివరిదాకా ఇంగ్లిషులో తడబడ్డాడు, గిద్దలూరు చివరిదాకా వర్క్‌షాపులో ఆకురాయి వంకరగానే పట్టాడు. నేను చివరిదాకా బద్ధకస్తుణ్ణే. కాకపోతే ఆ ఇద్దరి ఎదురుగా బద్ధకంగా ఉండాలంటే కొంచెం సిగ్గుగా ఉండేది. అంతవరకే. అది తక్కువేం కాదని ఇప్పుడనిపిస్తుంది.

2006లో మొదటి సంవత్సరం ఫలితాలొచ్చాయి. డ్రాయింగు పోయింది. పోక ఏమవుతుంది, ఏడాదంతా జీటీ కొట్టినవాడికి. కాలేజీ గేటు ఎదురుగా ఎర్ర రూపాయి ఫోనుండేది. మా ఊళ్ళో కిరాణా కొట్టుకి చేస్తే నాయన్ని పిలిచేవాళ్ళు. "అన్నీ పాసయ్యా నాయనా" అన్నాను. పెట్టేసి వెనక్కి తిరిగితే గిద్దలూరు నిలబడి ఉన్నాడు. తర్వాతి రూపాయి వాడిది.

గది దాకా ఒక్క మాట మాట్లాడలేదు. అన్నం తిన్నాక, "మీ నాయనకి ఏం చెప్పుకుంటావో నీ ఇష్టం. పరీక్ష పేపరేది?" అన్నాడు. పెట్టె అడుగు నుంచి తీశాను. ఒక్కో ప్రశ్న దగ్గరా ఏం గీశావని అడిగాడు. ముందు నుంచి చూస్తే కనపడేది పైన, పై నుంచి చూస్తే కనపడేది దాని కింద గీయాలి. దాన్ని ఫస్ట్ యాంగిల్ ప్రొజెక్షన్ అంటారు, మా సిలబస్ అంతా అదే. నేను రెండూ తారుమారు చేశానని ఆ రాత్రి పదిన్నరకి తెలిసింది. పొదిలి చాప మీద పడుకుని అంతా విని, "పరీక్ష హాల్లోకి గాజు రానియ్యరు కదరా" అన్నాడు. ముగ్గురం పడీపడీ నవ్వాం. నాకు నవ్వుతూనే ఏడుపొచ్చింది.

"రేపట్నుంచి నాలుగింటికి నువ్వు. నేను పడుకుంటా" అన్నాడు పొదిలి. పడుకోలేదు. చాప మీదే ఉండి, కళ్ళు సగం మూసుకుని, చప్పుడు విని చెప్పేవాడు. "క్లాంపు వదులైంది, బిగించు." నిజంగానే వదులయ్యేది. అది గమనించకుండా గీసుకుంటూ పోతే కింది గీతలకొచ్చేసరికి షీటంతా ఒక పక్కకి ఒరిగిపోతుంది. సప్లిమెంటరీలో గట్టెక్కాను. నాయనకి అసలు సంగతి చెప్పింది మాత్రం ఉద్యోగం వచ్చాకే. ఆయన నవ్వలేదు.

దసరా సెలవులకి పొదిలి వాళ్ళింటికి వెళ్ళాం. ఆ ప్రాంతమంతా బోర్లే ఆధారం, లోతైన బోర్లు. అందుకే ఎటు చూసినా మోటారు వైండింగ్ షాపులు. వాళ్ళ నాన్నది అలాంటి షాపే. వార్నిషు వాసన, మాడిన రాగితీగ వాసన కలిసి గుమ్మంలోనే కొట్టేవి. ఆయన నన్ను చూసి, "ఏం అబ్బాయ్, నువ్వేనా ఫస్టొచ్చేది? మావాడికి కాస్త చెప్పు" అన్నారు. చెప్పడానికి నా దగ్గరేముందో ఇంకో పది నిమిషాల్లో తేలిపోయింది.

పొదిలి రెండు మోటార్లు విప్పి పక్కపక్కన పెట్టాడు. రెండూ కాలినవే. "ఏది ఎందుకు కాలిందో చెప్పు." తెలియదన్నాను. ఈ మోటార్లకి కరెంటు మూడు తీగల్లో వస్తుంది, ఒక్కోదాన్ని ఒక ఫేజు అంటారు. ఒకదాంట్లో చుట్టలన్నీ ఒకేలా నల్లబడ్డాయి. రెండోదాంట్లో రెండు ఫేజుల చుట్టలు బొగ్గయ్యాయి, మూడో ఫేజు తీగ మాత్రం కొత్తదానిలా మెరుస్తోంది. "ఇది లోడెక్కువై కాలింది. ఇది ఒక ఫేజు పోయి కాలింది. స్టార్ కనెక్షన్లో, అంటే మూడు చుట్టల కొసలూ ఒకచోట కలిపినప్పుడు, ఒక ఫేజు ఆగిపోతే భారమంతా మిగతా రెండింటి మీదే పడుద్ది. మోటారు గుయ్‌మంటా ఉంటది, రైతు నిద్రపోతా ఉంటాడు." అప్పట్లో రాత్రి పూట కరెంటు, చేలో మనిషి ఉండేవాడు కాదు. ఇలా ఒక ఫేజు పోవడాన్ని సింగిల్ ఫేజింగ్ అంటారని నేను పుస్తకంలో చదివాను. అది కాలిన తీగ మీద చదవొచ్చని పుస్తకంలో లేదు.

అలాంటివాడు నాలుగో సెమిస్టరులో ఏసీ మెషీన్స్ పేపరు తప్పాడు. 80కి 22. పాసు మార్కు 28. నాకు 63. నా జీవితంలో నాకొచ్చిన మార్కులు చూసి సిగ్గుపడింది ఆ ఒక్కసారే. పేపరు దిద్దినవాళ్ళని తప్పు పట్టడానికీ లేదు. వాడు రాసినదాంట్లో కర్త ఒకచోట, క్రియ ఒకచోట, మధ్యలో మోటారు.

ఈసారి మా వంతు. నేను రైతునై అడిగేవాణ్ణి: "ఏం బాబూ, స్టార్టరెందుకు, డైరెక్టుగా వేస్తే పోలా?" పొదిలి తెలుగులో చెప్పేవాడు: ముందు స్టార్‌లో వేస్తే ఒక్కో చుట్టకి తక్కువ ఓల్టేజి అందుతుంది, లాగే కరెంటు మూడో వంతుకి పడిపోతుంది, స్పీడందుకున్నాక డెల్టాకి, అంటే చుట్టలు త్రిభుజంలా కలిపే పద్ధతికి, మారుస్తాం. గిద్దలూరు దాన్ని చిన్న చిన్న ఇంగ్లిషు వాక్యాలు చేసి పలక మీద రాసేవాడు. "ఒక వాక్యంలో ఒకే పని చెప్పు, రెండు చెప్పొద్దు" అని వాడి రూలు. పొదిలి వాటిని పదిసార్లు రాసేవాడు. సప్లిమెంటరీలో 51. ఆ పేపర్లో నాకు మొదటిసారి 63 వచ్చింది గానీ, ఆ నెలరోజుల తర్వాత రాసుంటే 70 దాటేదని గట్టిగా చెప్పగలను.

ఇంతదాకా చదివి మేమేదో రామలక్ష్మణులం అనుకోవద్దు. 2008లో నేనూ గిద్దలూరూ ఈసెట్ రాశాం. డిప్లొమా వాళ్ళు నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరడానికి అదే దారి. 200 ప్రశ్నలు, అందులో వంద మన బ్రాంచివి, యాభై లెక్కలు, ఫిజిక్సు కెమిస్ట్రీ చెరో పాతిక. ఆ చివరి యాభై దగ్గరే అందరూ బోల్తా కొడతారు. ఎందుకంటే అవి చదివేది మొదటి సంవత్సరంలోనే. నేను ఆ పుస్తకాలు ఎప్పుడో పాత పేపర్లవాడికి నలభై రూపాయలకి అమ్మి సినిమాకెళ్ళాను. గిద్దలూరు ఒక్కటీ అమ్మలేదు. మా రెండు భాషల లాంగ్ నోట్‌బుక్కుతో సహా ట్రంకుపెట్టెలో పేర్చి పెట్టుకున్నాడు.

వాడికి మూడంకెల ర్యాంకు. నాకు రెండువేల పైచిలుకు. 'మూడొందల ఎనభై మార్కుల వాడు' అని నా లోపల ఒక గొంతు పదేపదే అంది. నాలుగు రోజులు వాడితో సరిగా మాట్లాడలేదు. తలనొప్పన్నాను. వాడికర్థమైందనుకుంటా. ఐదో రోజు పలక మీద రాసి పోయాడు: "ఇది నీకు, నేను రేపు వెళ్తున్నా." దాని కింద లెక్కేమీ లేదు. పలక మాత్రం ఉంది. బాగా చదివేవాడితో స్నేహం చెయ్యమని పెద్దవాళ్ళు చెప్తారు గానీ, వాడు మనల్ని దాటి పోయినప్పుడు ఏం చెయ్యాలో ఎవరూ చెప్పరు. నాకప్పుడు తెలిసి ఉంటే మర్నాడు బస్టాండుకి వెళ్ళేవాణ్ణి.

పొదిలి ఈసెట్‌కి అప్లై చేశాడు, రాయలేదు. "మా నాయనకి చేతులు వణుకుతున్నాయిరా. వైండింగ్ ఎవరు చుడతారు?" అన్నాడు. వద్దని గంటసేపు వాదించాను. వాడి చదువు అక్కడితో ఆగిపోయిందని చాలా ఏళ్ళు బాధపడ్డాను కూడా, పెద్ద నాకే తెలిసినట్టు.

గిద్దలూరు ఇప్పుడు పూణేలో ట్రాన్స్‌ఫార్మర్లు డిజైన్ చేస్తాడు. నేను ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు, పరీక్ష రాసి కరెంటాఫీసులో పడ్డాను, తిరిగి తిరిగి మా జిల్లాకే వచ్చాను. పొదిలి షాపులో ఆరుగురు పనిచేస్తారు. వాడికి ఇప్పటికీ నాలుగింటికే తెల్లవారుతుంది. ఫోను మోగితే మా ఆవిడ కళ్ళు తెరవకుండానే "పొదిలి" అంటుంది.

పోయిన నెలలో అలాగే ఒక రోజు. హలో లేదు, ఏమీ లేదు. "రెండ్రోజుల్లో మూడు మోటార్లొచ్చాయిరా. మూడూ మీ సెక్షనువే. మూడింట్లోనూ రెండు ఫేజులు బొగ్గు, ఒకటి కొత్తది. రైతుల్ని అడిగా, ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్నారు. పోయి చూడు."

మాకింకా కంప్లయింటు రాలేదు. లైన్‌మన్‌ని తీసుకుని ఆరింటికల్లా చేలోకి వెళ్ళాను. సెలవులకి మా ఇంట్లో ఉన్న అక్క కొడుకు నిద్రకళ్ళతో బండెక్కి వెంటొచ్చాడు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మోటార్లకి కరెంటు పోయే వైపు ఒక ఫ్యూజు తెగి ఉంది. మార్చాం. ఇంకో ఐదు మోటార్లున్నాయి దాని కింద. వచ్చేటప్పుడు వాడడిగాడు, ఆఫీసుకే తెలియంది ఆయనకెలా తెలిసిందని. దార్లో టీ తాగుతూ ఆ రెండు మోటార్ల కథ చెప్పాను. ఫ్రెండ్స్ సంగతి వాడు మళ్ళీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పలక మాత్రం అడిగాడు, ఇచ్చాను. ఒక మూల కొంచెం చిట్లింది.

వాడు నిన్ననే గదిలో చేరాడు. రాత్రి ఫోన్ చేశాడు. ఇంకా ఇద్దరున్నారట. పేర్లేంట్రా అంటే కాసేపు ఆలోచించి, "ఏమో మామా, గుర్తులేదు. ఒకడిది కందుకూరు, ఒకడిది వినుకొండ" అన్నాడు.